మార్చి ముప్పై ఒకటికి మురిగిపోయే బలం

భవనాల శాఖలో తెలిసిన విషయాన్ని తెలిసినట్టు బయటపెట్టడం ఒంటికి మంచిది కాదని పెన్మెత్స విస్సంరాజుకి ఉద్యోగంలో చేరిన కొత్తలోనే బోధపడింది. బోధపడిన మనిషి నోరు కట్టుకుని కూర్చుంటే జిల్లాకి ఈ తిప్పలు వచ్చేవి కావు. ఆయన కూర్చోలేదు. అడిగారు కదా అని విడమరిచి చెప్పాడు. చెప్పింది చాలక వంటింటి ఉదాహరణ కూడా ఇచ్చాడు. అడుసు తొక్కనేల, కాలు కడుగనేల అని పెద్దలు ఊరికే అనలేదు.

ఆ ఏడు జిల్లాకి కొత్త అభివృద్ధి కమిషనర్ వచ్చాడు. పేరు నిరంజన్. వయసులో చిన్నవాడు, ఉత్సాహంలో వరదగోదావరి. శాస్త్రం సామాన్యుడికి అందాలన్నది ఆయన పట్టుదల. ఇందులో తప్పేముంది అంటారా, ఏమీ లేదు. మన దగ్గర అనర్థాలన్నీ తప్పేమీ లేని మాటతోనే మొదలవుతాయి. ప్రతి శుక్రవారం ఒక శాఖవారు తమ విద్యని మిగతా శాఖల అధికారులకి తేలిక మాటల్లో చెప్పాలని ఆయన ఉత్తర్వు వేశాడు. మొదటి వారం పశువైద్యాధికారి వచ్చి ఆవు కడుపులో నాలుగు గదులుంటాయని చెప్పి వెళ్ళాడు. వాటిలో మూడింటిని ఖాళీ చేయించాలని ఎవరికీ తోచకపోవడం ఆ ఆవుల అదృష్టం. రెండో వారం విస్సంరాజు వంతు వచ్చింది. విషయం, భవనం ఎందుకు నిలబడుతుంది.

విస్సంరాజు డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. రిటైర్మెంటు దగ్గరపడ్డ మనిషి. ఆయన చదువు గురించి ఇంట్లో భార్య కూడా ఏనాడూ అడిగిన పాపాన పోలేదు. అలాంటిది హాలు నిండా అధికారులు తన మాట వింటుంటే ఆయనకి ఒళ్ళు తెలియలేదు. పొడవాటి రబ్బరు ముక్క ఒకటి తెచ్చి, రెండు చివరలా పుస్తకాల మీద ఆనించి, మధ్యలో వేలితో నొక్కి చూపించాడు. దూలం వంగినప్పుడు పైభాగం నలుగుతుంది, అడుగుభాగం సాగుతుంది. కాంక్రీటు నొక్కుడికి ఏనుగునైనా మోస్తుంది గాని లాగుడికి అప్పడంలా విరుగుతుంది. అందుకని సాగేవైపు ఇనుము పెడతాం. దూలానికైతే అడుగున, గోడలోంచి బయటికి చాచిన సన్‌షేడుకైతే పైన. తిరగేసి పెట్టామా, సన్‌షేడు మన నెత్తిన ఉంటుంది.

బరువు ప్రయాణం గురించి కూడా చెప్పాడు. శ్లాబు మీద మోపిన బరువు దూలానికి చేరుతుంది, దూలం దాన్ని స్తంభానికి ఇస్తుంది, స్తంభం పునాదికి, పునాది నేలకి. దారిలో ఎవరూ దాన్ని తమ దగ్గర ఉంచేసుకోకూడదు, ఫలానావాడి పని అని పక్కవాడి మీదికి తోసెయ్యకూడదు. ఈ సంగతి అధికారులకి చాలా కొత్తగా అనిపించి కొందరు రాసుకున్నారు.

అక్కడితో ఆపి టీ తాగి ఇంటికి పోవలసింది. పోలేదు. లెక్కకి వచ్చిన బరువుకంటే భవనాన్ని ఒకటిన్నర రెట్లు గట్టిగా ఎందుకు కడతారో కూడా చెప్పాలనిపించింది. పెళ్ళికి నూరుమంది వస్తారని తేలితే మనం నూరుమందికే వండుతామాండీ అని అడిగాడు. నూటయాభై మందికి వండుతాం. పిలవని చుట్టం రావచ్చు, కూర మాడిపోవచ్చు, ఆకలి ఎక్కువున్నవాడు తగలొచ్చు. ఆ పైన వండిన యాభై విస్తళ్ళ అన్నం ఉందే, అదే భవనానికి రక్ష అన్నాడు. అధికారులందరూ తలలూపారు. జీవితంలో మొదటిసారి తన శాస్త్రం ఎవరికో అర్థమైందని విస్సంరాజు కళ్ళు చెమర్చాయి కూడా.

అప్పుడు వెనక వరసలోంచి అకౌంట్స్ ఆఫీసరు బులుసు కామేశం లేచాడు. కామేశం లంచం ఎరగని మనిషి. ఎరిగినవాడైతే ఎక్కడో ఒకచోట మెత్తబడేవాడు, జిల్లా బతికిపోయేది.

"అంతా బాగానే ఉందండి రాజుగారూ. మరి ఆ మిగిలిపోయిన యాభై విస్తళ్ళ అన్నం ఇన్నేళ్ళబట్టీ ఏం చేస్తున్నారండి?"

విస్సంరాజు నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు.

వారం తిరక్కుండా తాఖీదు వచ్చింది. "జిల్లాలోని ప్రభుత్వ భవనములయందు అవసరమునకు మించి బలము సమకూర్చబడి, సదరు అదనపు బలము నిర్మాణకాలము నుండి నేటివరకు నిరుపయోగముగా పడియున్నట్లు సంబంధిత సాంకేతిక అధికారి సభాముఖముగా అంగీకరించియున్నందున, సంజాయిషీ కోరడమైనది." విస్సంరాజు కూర్చుని ఓపిగ్గా జవాబు రాశాడు. ఆ బలం చెడ్డరోజు కోసమని, తుపానుగాలి కోసమని, మేస్త్రీ సిమెంటు తగ్గించిన చోటు కోసమని, జనం ఒక్కసారిగా ఎక్కిన వేళ కోసమని వివరించాడు. సదరు చెడ్డరోజు ఏ తేదీన సంభవించునో తెలుపవలసిందిగా మళ్ళీ తాఖీదు వచ్చింది. తెలియదని రాశాడు. తేదీ ఖరారు కాని కార్యక్రమమునకు బలము ముందస్తుగా విడుదల చేయు నిబంధన ఏదియు కానరాదని మూడోది వచ్చింది.

కమిషనర్ నిరంజన్ మాత్రం ఆయన్ని పిలిపించి, కుర్చీ చూపించి, చేయి పట్టుకుని అభినందించాడు. జిల్లా ఇంత బలం మీద కూర్చుని ఉందని ఇన్నాళ్ళూ తనకి ఎవరూ చెప్పలేదన్నాడు. పేద జిల్లా అని అందరూ ఏడుస్తారు గాని, ప్రతి గోడలోనూ మూడోవంతు బలం ఖాళీగా పడి ఉందన్నమాట అన్నాడు. ఆ మర్నాడే 'మిగులు బలం సద్వినియోగ పథకం' పుట్టింది. ప్రతి కార్యాలయమూ తన భవనంలో మిగులు బలం ఎంతో లెక్కతీయించి, మార్చి ముప్పై ఒకటిలోగా పూర్తిగా వినియోగించి, వినియోగపత్రం సమర్పించాలి. ఆ తేదీకి వాడని బలం మురిగిపోతుంది. సర్కారువారి సొమ్ము ఏదైనా ఆ తేదీకే కదా మురిగేది.

బలం అనేది వాడితే ఖర్చయ్యేది కాదని, దాచుకుంటే మురిగేది కాదని విస్సంరాజు మొదటి సమావేశంలోనే మొత్తుకున్నాడు. ఇనుము తుప్పుపట్టి ఏటా కొంత బలం పోతుందని ఆ శుక్రవారం చెప్పింది ఎవరని కామేశం అడిగాడు. తనే చెప్పానన్నాడు విస్సంరాజు. అయితే మురుగుతున్నట్టే కదా అని కామేశం రాసుకున్నాడు. ఆ తర్వాత కమిటీ వేశారు. కన్వీనరు కామేశం. సాంకేతిక సభ్యుడుగా విస్సంరాజునే వేశారు. సభ్యుడు కమిటీ నిర్ణయాన్ని వ్యతిరేకించడానికి వీల్లేదు గనుక ఆయన నోటికి తాళం ఆయన చేతే వేయించినట్టయింది.

ఇక చూసుకోండి. తహసీల్దారు ఆఫీసువారు కింద గదుల్లోని రికార్డులన్నీ మేడమీదికి మోయించారు. మత్స్యశాఖవారు డాబా చుట్టూ గట్టు కట్టించి, నీళ్ళు నింపి, చేపపిల్లల్ని వదిలారు. హైస్కూలు హెడ్మాస్టరు విరిగిన బల్లలూ విరగని బల్లలూ కలిపి శ్లాబు మీదికెక్కించి, పిల్లల్ని నేలమీద కూర్చోబెట్టాడు. మొయ్యడానికి ఏమీ లేని శాఖలు ఇసక బస్తాలు తెప్పించుకున్నాయి. ఏ శాఖ డాబా చూసినా బస్తాలే. ఊళ్ళో ఇళ్ళు కట్టుకునేవాళ్ళకి గుప్పెడు ఇసక దొరక్కుండా పోయింది. గోదారి ఒడ్డున ఉండి ఇసక కోసం పక్క జిల్లాకి వెళ్ళవలసిన గతి పట్టింది.

సాంస్కృతిక శాఖకి బరువైనది ఏదీ లేకపోయింది. అది ఆ శాఖ స్వభావం. వాళ్ళు ఓ డప్పు బృందాన్ని కుదుర్చుకుని మేడమీద హాల్లో రోజూ పొద్దున్నా సాయంత్రం ఆడించారు. విస్సంరాజు పరుగెత్తుకెళ్ళి, నిలబడ్డ మనిషి బరువు వేరు, అందరూ ఒక్కసారిగా ఒక్క లయలో ఎగిరితే భవనానికి తగిలే దెబ్బ వేరు, ఆ లయ భవనం ఊగే లయతో కలిసిందంటే కొంప మునుగుతుందని నచ్చచెప్పాడు. ఆయన సూచనని సానుకూలంగా పరిశీలించి, ఇకమీదట బృందము లయ తప్పి ఆడవలెనని ఉత్తర్వు ఇచ్చారు. పాపం ఆ డప్పు వాళ్ళు తరతరాల విద్య మరిచిపోవడానికి రెండు వారాలు కష్టపడ్డారు.

వ్యవసాయ శాఖలో దూలం వంగి తలుపు చట్రాన్ని నొక్కేసింది. మూసిన తలుపు మళ్ళీ తెరుచుకోలేదు. లోపల ఉన్న జాయింట్ డైరెక్టరుని కిటికీ చువ్వలు కోసి బయటికి లాగారు. వంగడమంటే భవనం మనతో మాట్లాడటమేనని, ఇంకా మొయ్యలేనని మర్యాదగా చెప్పడమని విస్సంరాజు నివేదిక రాశాడు. కమిటీ ఆ నివేదికలోంచి 'వంగినది' అన్న ముక్క ఒక్కటీ తీసుకుని, బలము సంపూర్ణముగా వినియోగమైనందుకు నిదర్శనముగా భావించి, ఆ శాఖకి ప్రశంసాపత్రం ఇచ్చింది. మర్నాటినుంచి తమ దూలాలు ఎందుకు వంగడం లేదని మిగతా శాఖలవాళ్ళు విస్సంరాజుని నిలదీశారు.

ఇంతవరకూ జరిగింది చూసి నవ్వుకోవచ్చు. విస్సంరాజు కూడా ఇంటికి వెళ్ళి భార్యకి చెప్పి నవ్వేవాడు. ఏ భవనమూ కూలలేదు. ఎందుకు కూలలేదంటే, ఏ రక్షని వీళ్ళు దండగ అన్నారో ఆ రక్షే వీళ్ళని మోస్తోంది గనుక. ఆ మాట చెబితే, చూశారా, ఇన్నాళ్ళకి పనికొచ్చింది అన్నాడు కామేశం.

నవ్వు ఆగిపోయింది ఆసుపత్రి దగ్గర. పెద్దాసుపత్రిలో పాత ప్రసూతి వార్డు మేడమీద ఉండేది. కట్టినప్పుడే ఉప్పునీళ్ళతో కలిపిన కాంక్రీటు. లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బి, ఉబ్బినకొద్దీ చుట్టూ ఉన్న కాంక్రీటుని పగలదోసుకుంటూ వచ్చింది. వార్డు నేల శ్లాబుకీ కప్పు శ్లాబుకీ అడుగున పెచ్చులూడి చువ్వలు పక్కటెముకల్లా బయటపడ్డాయి. కిందటి వానాకాలంలో విస్సంరాజే అక్కడికి మనుషులు ఎక్కకూడదని రాసి, తల్లుల్ని కింది వరండాలోకి దింపించాడు. ఉద్యోగంలో తను చేసిన మంచిపని ఒకటుందంటే అదేనని ఆయన లోలోపల అనుకునేవాడు.

ఇటు అధికారుల అతిథి గృహం ఉంది. ఏనుగులు కాపురం చేసినా చలించని కట్టడం. దానిమీద ఇసక బస్తాలు వేస్తే బాగుండదని అందరూ మొహమాటపడ్డారు. బలం మిగిలిపోతోంది, మార్చి దగ్గరపడుతోంది. అప్పుడు కామేశానికి తన జీవితంలోకెల్లా గొప్ప ఊహ వచ్చింది. ఒక పద్దులో మిగిలిన డబ్బుని కొరత ఉన్న పద్దుకి సర్దుతాం. బలాన్ని ఎందుకు సర్దకూడదు? "అతిథి గృహమునందలి మిగులు బలము నుండి నలుబది టన్నులు పాత ప్రసూతి వార్డునకు సర్దుబాటు చేయడమైనది. సదరు వార్డు నేటినుండి బలముగల భవనముగా పరిగణింపబడును." ఉత్తర్వు వెలువడ్డ రోజు విస్సంరాజు ఓ వంతెన చూడటానికి గోదారి లంకల్లోకి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ఆసుపత్రి సూపరింటెండెంటు తల్లుల్నీ బిడ్డల్నీ మేడమీదికి ఎక్కించేశాడు.

విస్సంరాజు మెట్లు రెండేసి ఎక్కాడు. మంచాల నిండా బాలింతలు. హెడ్ నర్సు కరుణమ్మ ఆయన్ని చూసి, పైకప్పుకేసి చూసింది. ఓ మూల మంచం దగ్గర లోవమ్మ అనే ముసలామె, మనవరాలి పురుటికి తోడొచ్చిన మనిషి, ఉయ్యాల మీదుగా పాత చాప ఒకటి నాలుగు తాళ్ళతో కడుతోంది. రాలే పెచ్చులు పసివాడి మీద పడకుండానట.

"కింద వరండాలో ఉన్నప్పుడు వాన జల్లు కొట్టేదండి బాబూ. జల్లు కొడితే తుడుచుకునేవోళ్ళం. ఇదేంటండీ, ఇల్లే రాలతంది?"

సిగ్గుతో చెవులు కాలిపోయాయి. తన నోటి దురదే వీళ్ళని ఇక్కడికి ఎక్కించిందని ఆయనకి తెలుసు. కోపం కూడా వచ్చింది, ఇన్నేళ్ళ సర్వీసులో ఎన్నడూ రానంత. అటునుంచి అటే కామేశం గదికి వెళ్ళి, అతిథి గృహంలోని బలం రోడ్డు దాటి ఆసుపత్రికి ఎలా నడిచొస్తుందో చెప్పమన్నాడు.

"మన జీతాలు బ్యాంకులోకి నడిచొస్తున్నాయాండీ?" అన్నాడు కామేశం, నిజంగానే తెలుసుకోగోరి. "కాగితం మీద పంపిస్తున్నాం, అక్కడ చేరుతున్నాయి. బలానికి వేరే రూలుందాండి?"

ఉంది, కాని అది ప్రకృతి రూలు. దానికి నంబరు లేదు. విస్సంరాజు చివరికి నంబరున్న రూలు ఒకటి వెతికిపట్టాడు. అనుమానం ఉన్న శ్లాబు మీద నిర్ణీత బరువు పెట్టి, ఒక రోజంతా ఉంచి, ఎంత వంగిందో కొలిచి, బరువు తీశాక మళ్ళీ పైకి లేచిందో లేదో చూడాలి. లేచిందా, ప్రాణం ఉన్న శ్లాబు. లేవలేదా, పనయిపోయింది. ఈ పరీక్ష లేకుండా తాను సంతకం చెయ్యనన్నాడు. కమిషనర్‌కి ఈ ఆలోచన బ్రహ్మాండంగా నచ్చింది. కాని పెట్టడానికి బరువు ఏది? జిల్లాలో ఉన్న ఇసకంతా డాబాల మీద మిగులు బలాన్ని వినియోగిస్తూ తీరిక లేకుండా ఉంది. ఒక్క బస్తా కదిపినా ఆ శాఖ వినియోగం పడిపోతుంది.

"అయితే మనమే నిలబడదాం," అన్నాడు కమిషనర్. "ప్రజల్లో విశ్వాసం నింపడానికి ఇంతకు మించిన అవకాశం రాదు."

అధికారుల్ని ధాన్యం తూచే కాటా మీద తూచారు. నిర్ణీత భారానికి ఆ బరువులు సులువుగానే సరిపోయాయి. వారి సౌకర్యార్థం తల్లుల్నీ బిడ్డల్నీ తాత్కాలికంగా వరండాలోకి దింపారు. విస్సంరాజు శ్లాబు కింద సరుగుడు బాదులు వరసగా నిలబెట్టించాడు. శ్లాబుకీ వాటికీ మధ్య బొటనవేలంత ఖాళీ. పరీక్షలో శ్లాబు దిగినా కూలిపోకుండా వాటిమీద వాలుతుంది. ఇది శాస్త్రంలో ఉన్నదే. ఆ బాదులెందుకని ఎవరైనా అడిగితే చెబుదామనుకున్నాడు. ఎవరూ అడగలేదు.

కమిషనరూ, కామేశమూ, శాఖాధిపతులూ ఎక్కి వరసలుగా నిలబడ్డారు. ఫోటోలు తీశారు. ప్రజలూ శాస్త్రమూ అని కమిషనర్ ఉపన్యాసం ఎత్తుకున్నాడు. రెండో వాక్యంలో ఉండగా కాళ్ళకింద ఏదో టప్పుమంది. శ్లాబు నెమ్మదిగా, మర్యాదగా, బొటనవేలంత దిగింది. కింద పెచ్చు ఒకటి ఊడి నేలమీద భళ్ళుమంది. ఆ తర్వాత జరిగినదాన్ని పరుగు అనడం చాలదు. హోదాల వరస తప్పని అధికారులు ఆ వేళ హోదాలూ వరసలూ మరిచిపోయి మెట్లమీద ఒకరినొకరు తొక్కుకున్నారు. విద్యాశాఖాధికారి ప్రసూతి వార్డు ఆయా వీపు మీద దిగాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. బాదులు మోశాయి.

చెట్టుకింద కామేశం ఒక్కడూ కూలబడి ఉంటే విస్సంరాజు మంచినీళ్ళు ఇచ్చాడు. కామేశం సగం నీళ్ళు చొక్కామీద పోసుకున్నాడు.

"ఆ టప్పుమన్నప్పుడు, రాజుగారూ, మీరు చెప్పిన యాభై విస్తళ్ళూ ఎక్కడున్నాయా అని కాళ్ళకింద వెతుక్కున్నానండి."

అర్థమైంది, బతికాం అనుకున్నాడు విస్సంరాజు. నిజంగానే అర్థమైంది. అర్థం కావడం వేరు, బుద్ధి రావడం వేరు. ఆ సాయంత్రమే అతిథి గృహంలో అత్యవసర సమావేశం జరిగింది. భద్రత దృష్ట్యా కింది అంతస్తులో జరిగింది. పథకానికి సవరణ తెచ్చారు. "గెజిటెడ్ హోదాగల అధికారి కుర్చీ వేసుకొని ఆసీనుడై యుండు గదికి పైనగాని, క్రిందగాని, ప్రక్కనగాని గల మిగులు బలమును ఎట్టి పరిస్థితులలోను తాకరాదు." మంచిదే అనుకుని విస్సంరాజు తలెత్తేలోపు రెండో పేరా చదివారు. "పరీక్ష విఫలమగుటకు అధికారుల బరువే కారణముగాని వార్డు లోపము కాదు. సగటు తల్లి, బిడ్డతో సహా, సగటు అధికారికంటె తేలిక అగుటచే, సదరు వార్డును యథాతథముగా వినియోగించవచ్చును. పథకమునకు వెలుపల సమకూర్చిన సరుగుడు బాదులను తొలగించవలెను." ఆ ముసాయిదా రాసింది కామేశమే. చొక్కా అప్పటికి ఆరిపోయింది.

సంతకం పెట్టనని విస్సంరాజు అనవచ్చు. అంటే పెట్టేవాళ్ళు బారులు తీరి ఉన్నారు. మనుషుల్లో ఈ జాతికి మాత్రం ఎప్పుడూ కొరత రాలేదు. తెల్లారి ఆఫీసుకి వచ్చి సవరణ మళ్ళీ చదివాడు, మొదటి పేరా మాత్రమే. చదివి, రోడ్డు దాటి ఆసుపత్రికి వెళ్ళి కరుణమ్మతో మాట్లాడాడు. ఆయన ఆఫీసులో కింద పెద్ద హాలుంది, ఒకప్పుడు నక్షాలు గీసేవాళ్ళు కూర్చున్నది. మధ్యాహ్నానికల్లా మంచాలు రోడ్డు దాటాయి. ఏ నిబంధన కింద అని సూపరింటెండెంటు అడిగితే విస్సంరాజు కాగితం మీద రాసిచ్చాడు. "బలమును తల్లులకు సర్దుబాటు చేయుటలో ఎదురైన ఇబ్బందుల దృష్ట్యా, తల్లులను బలమునకు సర్దుబాటు చేయడమైనది." సర్దుబాటు అన్న మాట చూసి సూపరింటెండెంటు తృప్తిపడ్డాడు.

మార్చి ముప్పై ఒకటి వచ్చింది. జిల్లాలో తాకడానికి వీలైన మిగులు బలం ఇంకా మిగిలి ఉన్న చోటు ఒక్కటే, ఆ హాలు పైనున్న మేడ. పొద్దున్నే లారీ నిండా ఇసక బస్తాలతో కామేశం దిగాడు. విస్సంరాజు గది భవనానికి అవతలి కొసన ఉందని, హాల్లో ఉన్నది బాలింతలని, బాలింతలు గెజిటెడ్ కాదని మర్యాదగా చెప్పాడు. పక్కన అన్న మాట ఆ అవతలి కొసదాకా రాదనీ చెప్పాడు. విస్సంరాజు వాదించలేదు. తన కుర్చీ తనే ఎత్తుకొచ్చి, మంచాల మధ్య వేసుకుని, ఫైలొకటి తెరిచి కూర్చున్నాడు.

కామేశం సవరణ తీసి చదువుకున్నాడు. కుర్చీ ఉంది, గెజిటెడ్ అధికారి ఉన్నాడు, ఆసీనుడై ఉన్నాడు. నిబంధన నిబంధనే. అయితే ఎప్పటికైనా లేవాలి కదాండీ అని, వరండాలో ఓ బస్తా మీద కూర్చుని ఎదురుచూడసాగాడు. కూలీలు మెట్లదగ్గర తలగుడ్డలు చుట్టుకుని నిలబడ్డారు. ఆ రోజుతో పద్దు మూసేస్తారు. ఈలోగా విస్సంరాజు ఎప్పుడు లేస్తే అప్పుడు మేడమీదికి ఇసక ఎక్కుతుంది.

మధ్యాహ్నం దాటింది. విస్సంరాజుకి నడుం పట్టేసింది, కాళ్ళు తిమ్మిరెక్కాయి, ఇంకో అవసరం కూడా ఉదయంనుంచీ పీకుతోంది. చుట్టూ పాలవాసన, ఏడుపులు. ఒక్క నిమిషం ఒళ్ళు విరుచుకుందామని చేతులమీద బరువు ఆన్చి కాస్త పైకి లేవబోయాడు. వరండాలో కామేశం కూడా లేచాడు. కూలీలు బస్తాలమీద చేతులు వేశారు. హాల్లో మంచాలమీద ఉన్న తల్లులందరూ ఆయనకేసి చూశారు. లోవమ్మ తన మునిమనవణ్ణి ఎత్తుకుని గబగబా వచ్చింది.

"కూకోండి బాబూ. తవరు లెగిత్తే మా నెత్తిన ఇసక పోత్తారంట. ఇదుగో, ఈణ్ణి అట్టుకోండి, ఇంక లెగబుద్దెయ్యదు."

బిడ్డని ఆయన ఒళ్ళో పెట్టేసింది. ఆయన కూర్చుండిపోయాడు. కూలీలు చేతులు తీసేశారు. కామేశం మళ్ళీ బస్తామీద కూలబడి గడియారం చూసుకున్నాడు. బిడ్డ తూకం రెండున్నర కిలోలు. ఆ ఏడాది మొత్తంమీద జిల్లాలో గెజిటెడ్ అధికారి ఎవరైనా సక్రమంగా మోసిన బరువంటూ ఉంటే అదొక్కటే.